తొడ నొప్పి 3 వారాల్నించి ఉంది, స్కాన్‌కి ఇంకా 9 వారాలు.. ముందుకి జరపమని అడగొచ్చా?

మళ్లీ_వేకువ:

అందరికీ నమస్తే అండి. చాలా రోజుల్నించి ఇక్కడ చదువుతున్నా కానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదలు, పొడుగైపోతే ఏమనుకోకండి.

నాకు 49. 2021లో బ్రెస్ట్ క్యాన్సర్ అని తెలిసేటప్పటికే ఎముకలకి పాకేసి ఉంది, అంటే నా కథ స్టేజ్ 4తోనే మొదలు. వెన్నుపూసల్లో రెండు చోట్ల, కటి ఎముకలో ఎడమవైపు ఒకచోట. ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్, అంటే హార్మోన్‌తో పెరిగే రకం. అప్పట్నించీ లెట్రోజోల్ (హార్మోన్ తగ్గించే మాత్ర), పాల్బోసిక్లిబ్ (క్యాన్సర్ కణాలు పెరక్కుండా ఆపే మాత్ర) మీదే ఉన్నా. స్టేబుల్‌గానే ఉంటోంది కాబట్టి మొదట్లో 3 నెలలకోసారి తీసే పెట్ స్కాన్‌ని (ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూసే స్కాన్) మా క్యాన్సర్ డాక్టర్ మేడం 4 నెలలకి మార్చారు. లాస్ట్‌ది అయ్యి 8 వారాలు, మార్పేమీ లేదని వచ్చింది.

ఇప్పుడు సమస్య కుడి తొడ. 3 వారాల కింద మొదలైంది, తొడ మధ్యలో బయటివైపు లోపల్నించి సలుపుతున్నట్టు ఉంటుంది, ఒక్కోసారి గజ్జ దాకా వస్తుంది. ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. కూర్చుని లేచి కాలు మీద బరువు వేశానా పోటు, పడుకుంటే చాలా వరకు తగ్గిపోతుంది. కండరం పట్టేసిందేమో అని వీడియోలు చూసి స్ట్రెచింగ్ మొదలుపెట్టా, తగ్గకపోగా ఈ వారం మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాల్సొస్తోంది.

లెట్రోజోల్ వల్ల వచ్చే కీళ్ల నొప్పులు నాకు కొత్త కాదు. వేళ్లు, మోకాళ్లు, రెండు వైపులా ఒకేలా, పొద్దున లేవగానే బిగుసుకుపోయి అరగంట తిరిగితే సర్దుకుంటాయి. ఇది అలా లేదు, ఒక్క వైపే, ఒక్క చోటే.

పోయిన వారం రొటీన్ విజిట్‌లో డ్యూటీ డాక్టర్‌కి చెప్పా. నొక్కి చూసి కండరమే అయ్యుంటుంది, పారాసెటమాల్ వేసుకోండి, ఎలాగూ స్కాన్ ఉంది కదా అప్పుడు చూద్దాం అన్నారు. తర్వాత మేడం వచ్చి ఎలా ఉన్నారు అంటే బానే ఉన్నా మేడం అని నా నోరు దానంతట అదే అనేసింది, ఎందుకన్నానో నాకే తెలీదు.

బహుశా పోయినేడు జరిగింది మనసులో ఉండి. అప్పుడు భుజం నొప్పి అని గోల చేసి స్కాన్ ముందుకి జరిపించుకున్నా, నాలుగు రాత్రులు నిద్ర లేదు, ఇంట్లో ఎవరికీ లేదు, తీరా చూస్తే భుజం పట్టేసిందంతే. అప్పట్నించి నొప్పి అని నోరు తెరవాలంటేనే మొహమాటం.

సీఏ 15-3 (క్యాన్సర్‌కి చేసే రక్తపరీక్ష) పెరగలేదు, అది చూసి ధైర్యంగా ఉండొచ్చా? మీరైతే ఎన్నాళ్లు ఆగుతారు?


ఎదురీత:

వేకువగారూ, మనసులో మాట చెప్తా, మీరు అతిగా ఆలోచిస్తున్నారనిపిస్తోంది. డాక్టర్ చూసి కండరమే అన్నాక మళ్లీ టెన్షన్ ఎందుకండీ. పాజిటివ్‌గా ఉండండి, అంతా మంచే జరుగుతుంది.


అక్కయ్య_7ఏళ్లు:

ఎదురీత గారూ, మీ మంచి మనసు అర్థమైంది కానీ ఎముకలకి పాకినవాళ్లు కొత్త నొప్పి అంటే దాన్ని పాజిటివ్‌గా ఉండి తగ్గించుకోలేరండీ. ఈ మాట విని విని నాకు ఒళ్లు మండుతుంది, సారీ.

వేకువా, చెల్లి అనుకుని చెప్తున్నా. నాకూ నీ రకమే, ఏడేళ్లు అయింది. మూడేళ్ల కింద పక్కటెముక దగ్గర నొప్పి వస్తే సరిగ్గా నీలాగే స్కాన్ 5 వారాల్లో ఉంది కదా అని పళ్లు బిగపట్టుకుని కూర్చున్నా. స్కాన్‌లో అది కొత్త మచ్చే, అంటే క్యాన్సర్ కొత్తగా పాకిన చోటే అని తేలింది, మందు మార్చారు. అయ్యో 5 వారాలు వేస్ట్ చేశానా అని ఏడిస్తే మా సార్ ఏమన్నారంటే, మందు విషయంలో ఆ 5 వారాల వల్ల పెద్ద తేడా పడి ఉండదమ్మా, కానీ నువ్వు 5 వారాలు ఆ నొప్పి ఎందుకు మోశావు అని. తర్వాత ఒకే ఒక్క సిట్టింగ్ రేడియేషన్ ఇచ్చారు, 8 గ్రే డోసు అంటారు దాన్ని. మొదటి రెండు మూడు రోజులు నొప్పి ఇంకా ఎక్కువైంది (ముందే చెప్పారులే అలా అవుతుందని), రెండు వారాలకల్లా ఆ పక్కకి తిరిగి పడుకోగలిగా.

అప్పట్నించి నాకు అర్థమైందేంటంటే మనం రెండు విషయాలు కలిపేస్తాం. స్కాన్ తేదీ అనేది నొప్పి లేనివాళ్ల కోసం పెట్టిన తేదీ. ఏ కంప్లైంట్ లేకపోయినా లోపల ఏం జరుగుతోందో చూడ్డానికి పెట్టిన క్యాలెండర్ అది. నొప్పి వచ్చాక ఆ క్యాలెండర్‌తో పనేంటి? నొప్పికి వేరే చూపించుకోవాలి, స్కాన్ ముందుకి జరుగుతుందా లేదా అనేది ఆ తర్వాత డాక్టర్ తేల్చే సంగతి.

సీఏ 15-3 నమ్ముకోకు. నా కొత్త మచ్చ వచ్చినప్పుడు నాదీ కదల్లేదు. కొంతమందికి అది ఎప్పుడూ పెరగదు, కొంతమందికి మందు బాగా పనిచేస్తున్నప్పుడు కూడా మొదటి వారాల్లో పెరిగి తర్వాత దిగుతుంది. ఒక్క దాన్ని చూసి ఏ నిర్ణయమూ తీసుకోరు.

ఇంక మేడం ముందు బానే ఉన్నా అనడం.. మనందరి రోగమే తల్లీ అది. నేనిప్పుడు ఫోన్‌లో రాసుకుంటా. ఎక్కడ నొప్పి, పదికి ఎంత, ఏం చేస్తే పెరుగుతోంది, రాత్రి నిద్ర లేపుతోందా, మాత్ర వేస్తే ఎంతసేపు ఆగుతోంది. వారం రాసి ఆ ఫోనే వాళ్ల చేతికిచ్చేస్తా, నోటితో పని లేదు. నాకైతే లెక్క ఒకటే, ఒకే చోట రెండు వారాలు దాటినా, లేదా రోజురోజుకీ పెరుగుతున్నా చెప్పేస్తా. నీకు రెండూ అయ్యాయి.


నాన్నకి_తోడు:

నేను పేషెంట్‌ని కాదు, మా నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్. ఈ థ్రెడ్ చూసి ఆగలేక రాస్తున్నా, వేకువగారిని భయపెట్టడానికి కాదు, మీ లక్షణాలు వేరే, కానీ టైటిల్ చూసి వేరేవాళ్లు కూడా చదువుతారు కాబట్టి.

నాన్నకి నడుం పైన నొప్పి, నెల పైనే. పీఎస్ఏ (ప్రోస్టేట్‌కి చేసే రక్తపరీక్ష) పెద్దగా పెరగలేదు కాబట్టి మేమూ పట్టించుకోలేదు. ఆయన పడుకోలేక కుర్చీలో కూర్చుని నిద్రపోవడం మొదలుపెట్టారు, పడుకుంటే నొప్పి పెరిగేది, దగ్గినా పెరిగేది, ఛాతీ చుట్టూ బెల్ట్ బిగించినట్టు ఉందిరా అన్నారు. గ్యాస్ అనుకున్నాం! ఒక రోజు సాయంత్రం చెప్పు వేసుకుంటుంటే కాలికి పట్టు లేదు, చెప్పు జారిపోతోంది, ఆయనకి జారిన సంగతే తెలీట్లేదు. అప్పుడు నాకు గుండె ఝల్లుమంది.

ఎమర్జెన్సీకి తీసుకెళ్తే రాత్రికి రాత్రి వెన్నెముక మొత్తం ఎంఆర్ఐ తీశారు, నొప్పి ఉన్న చోటు ఒక్కటే కాదు, మొత్తం, ఎందుకంటే ఇంకోచోట కూడా నొక్కుతుండొచ్చట. గడ్డ వెన్నుపాముని నొక్కుతోంది. వాపు తగ్గించే డెక్సామెథసోన్ ఎక్కించి, తర్వాత రేడియేషన్. ఇప్పుడు వాకర్‌తో నడుస్తున్నారు. నడవగలుగుతున్నప్పుడే వైద్యం మొదలైతే తర్వాత కూడా నడిచే అవకాశం ఎక్కువ, కాళ్లు పూర్తిగా పడిపోయాక వస్తే తిరిగి లేవడం కష్టం అని ఆ రాత్రి డాక్టర్ అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

కాబట్టి కాళ్లల్లో బలం తగ్గినా, తిమ్మిరి పైకి పాకుతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం రాకపోయినా లేక తెలీకుండా పోయినా, ఇవి పోస్ట్ పెట్టి రిప్లై కోసం చూసే విషయాలు కావండి, రాత్రి ఎన్నింటికైనా సరే ఎమర్జెన్సీకే. ఎముకల్లో జబ్బు ఉన్న ప్రతివాళ్ల ఇంట్లో ఈ నాలుగు ముక్కలు ఫ్రిజ్ మీద అతికించుకోవాలని నా ఫీలింగ్, మాకెవరూ ముందు చెప్పలేదు.


తొందరపడ్డవాడు:

నాన్నకి తోడు గారు చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్, అలాంటివి ఉంటే ఆలోచించకూడదు. కానీ రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా, స్కాన్ తొందరగా తీయించుకోవడం ఎప్పుడూ మంచిదే అనుకుంటాం, నా విషయంలో కొంపముంచేది.

నాకూ ఎముకల్లోనే. కొత్త మందు మొదలుపెట్టిన 6 వారాలకి వీపు నొప్పి పెరిగిందని పట్టుబట్టి బోన్ స్కాన్ తీయించుకున్నా. రిపోర్ట్‌లో కొత్త మచ్చలు, పాతవి ఇంకా ముదురుగా. ఇంక అయిపోయింది, మందు పనిచేయట్లేదు అని ఇంటిల్లిపాదీ కూలబడ్డాం, మార్చేద్దాం అన్న దాకా వచ్చింది. వేరే డాక్టర్‌కి చూపిస్తే ఆయన సీటీ పక్కన పెట్టి చూసి, ఇవి మానుతున్న మచ్చలు కావొచ్చు, ఎముక తనని తాను రిపేర్ చేసుకునేటప్పుడు కూడా స్కాన్‌కి ముందు ఎక్కించే ఆ ట్రేసర్ మందుని ఎక్కువ పీల్చుకుంటుంది, దీన్నే ఫ్లేర్ అంటారు, మొదటి మూడు నెలల్లో ఇది బాగా కన్ఫ్యూజ్ చేస్తుంది, రక్తపరీక్షలు బానే ఉన్నాయి కాబట్టి 8 వారాలు ఆగి మళ్లీ తీద్దాం అన్నారు. ఆగాం. కొత్తవేమీ రాలేదు, నొప్పి కూడా తగ్గింది. అదే మందు మీద ఆ తర్వాత రెండేళ్లు ఉన్నా. తొందరపడి మార్చుంటే పనిచేసే మందుని నా చేతులారా పారేసుకునేవాణ్ణి.

వేకువగారిది ఏళ్లుగా అదే మందు కాబట్టి ఆమెకి ఈ ఫ్లేర్ గొడవ ఉండకపోవచ్చు. కానీ కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లు మాత్రం స్కాన్ అడిగే ముందు, ఇప్పుడు తీస్తే సరిగ్గా తెలుస్తుందా అని కూడా అడగండి.


చీకటిగది:

నేను స్కానింగ్‌లో టెక్నీషియన్‌ని, 14 ఏళ్లు. డాక్టర్‌ని కాదు, కాబట్టి నేను చెప్పేది మీ డాక్టర్‌ని అడగడానికి ప్రశ్నలుగా తీసుకోండి.

వేకువగారూ, మీ పోయినసారి పెట్ రిపోర్ట్ తీయండి. పైన టెక్నిక్ అని ఒక చిన్న పేరా ఉంటుంది, ఎవరూ చదవరు దాన్ని. అందులో ఎక్కడ్నించి ఎక్కడిదాకా తీశారో రాసి ఉంటుంది. మామూలుగా పెట్ సీటీ పుర్రె అడుగు నుంచి తొడ మధ్యదాకానే తీస్తారు. మీ నొప్పి తొడ మధ్యలో అంటున్నారు. అంటే 9 వారాలు ఆగి రొటీన్‌గా తీసినా ఆ చోటు ఫోటోలో పడకపోవచ్చు! నా ముందు పడుకున్న ఎంతమంది దిగేటప్పుడు మోకాలి పైన నొప్పమ్మా, వస్తుంది కదా అందులో అని అడిగారో లెక్కలేదు. డాక్టర్ చీటీలో ముందే రాసి ఉంటే కాళ్లదాకా తీస్తాం, లేకపోతే లేదు. మార్పేమీ లేదు అన్న రిపోర్ట్ మేం చూసిన చోటి వరకే.

రెండోది, అసలు ఇంకో ప్రశ్న. బోన్ ఇంజెక్షన్ (ఎముకలు బలహీనపడకుండా ఇచ్చేది) ఏదైనా తీసుకుంటున్నారా, జోలెడ్రోనిక్ యాసిడ్ గానీ డెనోసుమాబ్ గానీ? ఎన్నేళ్లయింది? పోస్ట్‌లో ఆ ముక్క లేదు.

ఎందుకు అడుగుతున్నానంటే ఏళ్ల తరబడి అవి తీసుకున్న కొద్దిమందిలో తొడ ఎముక బయటి అంచున సన్నని చీలిక మొదలవుతుంది. అరుదే, కానీ ఉంది. దెబ్బ ఏమీ తగలక్కర్లేదు, ముందు కొన్ని వారాలో నెలలో గజ్జలోనో తొడలోనో సలుపు, బరువు పడితే పోటు, ఆ తర్వాత ఒక రోజు మామూలుగా నడుస్తుంటేనే ఎముక అడ్డంగా విరగొచ్చు. మీది అదే అని నేననట్లేదు, క్యాన్సర్ కూడా అవ్వొచ్చు, కండరమూ అవ్వొచ్చు. కానీ ఈ మూడింట్లో రెండు ఎముకవి. అందుకే ముందు ఆ స్ట్రెచింగ్ ఆపండి, మెట్లు తగ్గించండి, రేపే ఫోన్ చేసి రెండు తొడలకీ, తుంటి నుంచి మోకాలి దాకా మొత్తం ఎక్స్-రే అడగండి. రెండూ ఎందుకంటే ఇది వస్తే రెండో కాలిలో కూడా ఉండే అవకాశం ఉంది.

పెట్‌తో పోలిస్తే ఎక్స్-రే అంటే మీకు చిన్నచూపు అనిపించొచ్చు. నొప్పి ఒకే చోట ఉన్నప్పుడు ఆ చోటుకి సరైన ఫోటో తీయడం ముఖ్యం, పెద్ద మెషినా చిన్న మెషినా అని కాదు. కానీ ఒకటి, ఎక్స్-రేలో ఏమీ లేదు అని వస్తే అక్కడితో వదిలేయకండి. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోయేదాకా, ఎముకని తినేసే మచ్చ ఎక్స్-రేకి సరిగా దొరకదు. నొప్పి అలాగే ఉంటే తర్వాత ఎంఆర్ఐ అడగండి, ఎముక లోపలి మజ్జలో మార్పు అందులో ముందే కనిపిస్తుంది.

ఇంకోటి పక్క మాట, మీకు కాదు చదివేవాళ్లకి. తెల్లకణాలు పెరగడానికి ఇంజెక్షన్ వేయించుకున్న కొద్ది రోజులకే పెట్‌కి వస్తారు కొందరు, మజ్జ అంతా వెలిగిపోయి ఉంటుంది, రిపోర్ట్ రాసే డాక్టర్‌కి తలనొప్పి. ఆ ఇంజెక్షన్ వల్ల నడుం, తుంటి, ఛాతీ ఎముక నొప్పులు కూడా వస్తాయి, దాంతో జబ్బు పెరిగిందని హడలిపోతారు. చెప్పండి మాకు, ఏ తేదీన వేయించుకున్నారో.


మళ్లీ_వేకువ:

చీకటిగది గారూ, మీ పోస్ట్ చదివి రిపోర్ట్ తీశా. నిజమే, తొడ మధ్య వరకే అని ఉంది. నాలుగేళ్లుగా ఆ ఫైల్ మోస్తున్నా, ఆ పేరా ఒక్కసారి చదవలేదు. నేను రిపోర్ట్ రాగానే ఆఖరి పేజీలో చివరి మూడు లైన్లు చూసి మూసేసే రకం.

బోన్ ఇంజెక్షన్ ఉంది, జోలెడ్రోనిక్. మొదటి ఏడాది నెల నెలా, తర్వాత 3 నెలలకోసారి, మొత్తం నాలుగేళ్లు అవుతోంది. అది మందుల లెక్కలోకి వస్తుందనే అనిపించలేదు నాకు.

అక్కయ్యా, మీరు చెప్పినట్టే ఫోన్‌లో రాశా. రాస్తుంటేనే తెలిసింది, సోమవారం పదికి 4 ఉన్నది శనివారానికి 6 అయింది, నేను మాత్రం అందరికీ అలాగే ఉంది అలాగే ఉంది అని చెప్తున్నా. రేపు ఫోన్ చేస్తా.


అక్కయ్య_7ఏళ్లు:

చెయ్యి. ఇంకో మాట, కాళ్లదాకా స్కాన్ కావాలి అనొద్దు మొదటే. మేడం, నాలుగేళ్లు జోలెడ్రోనిక్ తీసుకున్నా, కుడి తొడలో బరువు పడితే నొప్పి, 3 వారాలు, పెరుగుతోంది అని ఈ నాలుగు ముక్కలు వరసగా చెప్పు చాలు. ఏ ఫోటో తీయాలో వాళ్లకే తడుతుంది. పోయినేడు భుజం సంగతి నువ్వే ఎత్తకు, వాళ్లకి గుర్తు కూడా ఉండదు.


మళ్లీ_వేకువ:

6 రోజుల తర్వాత వస్తున్నా, అడిగినవాళ్లందరికీ థ్యాంక్స్.

ఫోన్లో నర్స్‌కి ఆ నాలుగు ముక్కలే చదివి వినిపించా, పది నిమిషాల్లో మేడమే తిరిగి చేసి సాయంత్రమే రమ్మన్నారు. రెండు కాళ్లకీ ఎక్స్-రే. కుడి తొడ ఎముక బయటి అంచు ఒకచోట చిన్న బొడిపెలా మందంగా ఉంది, దాని మధ్యలో వెంట్రుకలాంటి గీత. మేడం పెన్ను కొనతో చూపిస్తే గానీ నాకు కనిపించలేదు. ఎడమ కాలు బాగుంది. అది క్యాన్సర్ మచ్చా లేక ఇంజెక్షన్ వల్లా అని తేల్చడానికి మర్నాడు ఎంఆర్ఐ తీశారు, గడ్డలాంటిదేమీ కనిపించట్లేదు, ఇంజెక్షన్ వల్ల వచ్చే చీలికలాగానే ఉందన్నారు. జోలెడ్రోనిక్ ఆపేశారు. ఎముక డాక్టర్ చూసి నొప్పి ఉంది కాబట్టి విరిగేదాకా ఆగకుండా లోపల రాడ్ వేయడం మంచిదంటున్నారు, వచ్చే వారం ఆపరేషన్. మత్తు ఇచ్చే ముందు మిగతా ఒళ్లు ఎలా ఉందో తెలియాలని పెట్ కూడా ముందుకి జరిపారు, ఎల్లుండి, ఈసారి కాళ్లదాకా. కాబట్టి ఆ భయం ఎలాగూ తప్పలేదు, రాత్రి మళ్లీ నిద్ర లేదు.

మేడంతో పోయినసారి బానే ఉన్నా అన్నాను కదా అంటే, మీరు బానే ఉన్నా అంటే నేను నమ్మననుకున్నారా, కానీ నడిపించి చూడాల్సింది, చూడలేదు అన్నారు. ఆ మాటకి ఏడుపొచ్చింది.

అప్పటిదాకా కుడి కాలు మీద బరువు వేయకూడదని వాకర్ ఇచ్చారు. నాన్నకి తోడు గారూ, మీకు అలవాటు కదా, వాకర్ ముందుకి జరిపాక ముందు ఏ కాలు వేయాలి? వాళ్లు చూపించారు, ఇంటికొచ్చేసరికి మర్చిపోయా.


నాన్నకి_తోడు:

ముందు వాకర్, తర్వాత నొప్పి ఉన్న కాలు, తర్వాత చేతుల మీద బరువు ఆనించి మంచి కాలు. కుడి కాలికి అసలు బరువే వద్దన్నారా, కొంచెం ఆనించొచ్చన్నారా అది మాత్రం ఫోన్ చేసి కనుక్కోండి, దాన్నిబట్టి మారుతుంది. మెట్లు ఎక్కకండి ఇప్పుడు. ఆపరేషన్ అయ్యాక ఎక్కించేటప్పుడు పైకి మంచి కాలు ముందు, కిందికి నొప్పి కాలు ముందు, మా నాన్న ఇది పాటలా పాడుకుంటూ దిగుతారు. రాత్రి బాత్రూంకి వెళ్లే దారిలో డోర్‌మ్యాట్లు, ఛార్జర్ వైర్లు తీసేయండి, లైట్ వేసి ఉంచండి.

ఎల్లుండి రిపోర్ట్ వచ్చాక చెప్పండి.